బిడ్డ వచ్చేలోగా: విదేశీ దత్తతలో నిరీక్షణ, సన్నాహం
(దత్తత కోరే తల్లిదండ్రుల అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇక్కడికి వచ్చినవారిలో చాలామంది హోమ్ స్టడీ, అంటే దత్తతకు మీ కుటుంబం తగినదేనా అని చూసే పరిశీలన, ముగించుకుని, పత్రాలన్నీ ధ్రువీకరణ చేయించి పంపించి, మీకు ఫలానా బిడ్డ అని మరో దేశం నుంచి రావలసిన కబురు కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నారు. దత్తత తీసుకోబోయే కుటుంబాలను సిద్ధపరచడమే నా వృత్తి కనుక, మీ అందరి నాలుక చివర ఉన్న ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. ఇంకా ఎన్నాళ్లు? దానికి కచ్చితమైన జవాబు ఇవ్వగలవారు ఎవరూ లేరు, తేదీ చెప్పి భరోసా ఇచ్చేవారు ఉంటే వారి దగ్గర మరింత జాగ్రత్తగా ఉండండి. నేను మాట్లాడదలచుకున్నది ఈ ఎదురుచూపులో మీ ఇంట్లో జరగవలసిన పని గురించి. పిల్లల గదికి రంగులు వేయించడం, మంచం కొనడం అందులో చాలా చిన్న భాగం. మీరు ఎదురుచూస్తున్న బిడ్డ ఈ క్షణంలో ఎక్కడో ఒకచోట ఉంది. ఎవరో ఒకరి గొంతుకు అలవాటు పడింది, ఏదో ఒక భాషలో తన పేరు వింటోంది, ఏదో ఒక కిటికీ లోంచి వచ్చే వెలుతురు చూసి తెల్లవారిందని తెలుసుకుంటోంది. మీ ఇంటికి చేరిన రోజు మీకు పండగే కావచ్చు కానీ, ఆ బిడ్డకు మాత్రం తెలిసినదంతా ఒక్కసారిగా దూరమైన రోజు అది. మీ ఊహల్లో నవ్వుతూ చేతుల్లోకి వచ్చే బిడ్డ కోసం ఇల్లు సిద్ధం చేయడం సులువు. అంత పోగొట్టుకుని వచ్చే బిడ్డ కోసం సిద్ధం చేయడానికి నెలలు పడుతుంది, ఆ నెలలు ఇప్పుడు మీ చేతిలో ఉన్నాయి.

ముందుగా ఈ ప్రక్రియ ఇంత నిదానంగా ఎందుకు నడుస్తుందో చెప్పుకోవాలి, ఎందుకంటే కారణం తెలియని ఎదురుచూపు మనిషిని కుంగదీస్తుంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక తన 21వ అధికరణంలో, బిడ్డను సొంత దేశంలోనే తగిన రీతిలో చూసుకునే మార్గం లేనప్పుడు మాత్రమే విదేశీ దత్తతను పరిశీలించవచ్చని చెప్పింది. ఆ ఆలోచనను ఆచరణలో పెట్టడానికి 1993 మే 29న హేగ్ నగరంలో ప్రత్యేకంగా ఒక ఒడంబడిక ఖరారై, 1995 మే 1 నుంచి అమలులోకి వచ్చింది. వందకు పైగా దేశాలు దానికి కట్టుబడి ఉన్నాయి. ఆ ఒడంబడిక ప్రకారం బిడ్డ పుట్టిన దేశం, ఆ బిడ్డ నిజంగా దత్తతకు అర్హమైన స్థితిలో ఉందని నిర్ధారించుకోవాలి, ముందుగా సొంత దేశంలో కుటుంబం దొరుకుతుందేమో చూడాలి, కన్నవారి సమ్మతి బలవంతంతోనో డబ్బు ఆశతోనో రాలేదని తేల్చుకోవాలి. తల్లి సమ్మతి బిడ్డ పుట్టిన తరువాతే తీసుకోవాలి. ఊహ తెలిసిన పిల్లలైతే వారి ఇష్టాన్ని కూడా అడగాలి. బిడ్డను స్వీకరించే దేశం మీ అర్హతను, యోగ్యతను పరిశీలించి, బిడ్డ తమ దేశంలోకి వచ్చి శాశ్వతంగా ఉండే అనుమతి లభిస్తుందని ధ్రువీకరించాలి. మీ గురించి ఒక నివేదిక అటు వెళ్లాలి, బిడ్డ గురించి ఒక నివేదిక ఇటు రావాలి, ఆ తరువాత రెండు దేశాల్లో దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర అధికార సంస్థలూ ఒప్పుకోవాలి. ఈ షరతులు తీరకముందే మీరు బిడ్డ కన్నవారిని గానీ, బిడ్డను చూసుకునేవారిని గానీ నేరుగా కలవడాన్ని 29వ అధికరణం సాధారణంగా అనుమతించదు.

ఒక తల్లి పెట్టిన సంతకం ఆమె ఇష్టంతోనే జరిగిందా అని ఎక్కడో ఒక అధికారి విచారించడానికి పట్టే కాలం కూడా మీ నిరీక్షణలో కలిసే ఉంది. ఆ కాలాన్ని ఎవరైనా తగ్గించి చూపిస్తే సంతోషపడే ముందు, ఎలా తగ్గిందో అడగండి. ఏళ్ల తరువాత మీ కూతురో కొడుకో ఎదురుగా నిలబడి నన్ను మా అమ్మ ఇష్టపడే ఇచ్చిందా అని అడిగినప్పుడు, మీ దగ్గర నిజాయితీగా చెప్పగల జవాబు ఉండాలంటే ఆ విచారణ ఇప్పుడే జరగాలి.

అలాగని ఆలస్యమంతా బిడ్డ మేలుకేనని చెబితే అది సత్యదూరం. రొమేనియాలో నియంతృత్వం కూలిన తరువాత బయటపడిన సంరక్షణాలయాల పిల్లల మీద జరిగిన పరిశోధనలు ఈ విషయంలో మనకు చాలా నేర్పాయి. 2000 సంవత్సరంలో మొదలైన బుకారెస్ట్ పరిశోధనలో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు, 6 నుంచి 31 నెలల వయసున్న 136 మంది పిల్లలను పరిశీలించారు. వారిలో సగం మందిని, దత్తత తీసుకోకుండానే తమ ఇంట పెంచే పెంపక కుటుంబాలలోకి పంపే ఏర్పాటు చేసి, ఎదుగుదలను ఏళ్ల తరబడి గమనించారు. సుమారు రెండేళ్లు నిండకముందే కుటుంబంలోకి చేరిన పిల్లలు, మనుషులతో బంధం పెంచుకోవడంలో మిగిలినవారి కంటే స్పష్టంగా మెరుగ్గా ఉన్నారు. అదే దేశం నుంచి బ్రిటన్‌కు దత్తత వెళ్లిన 165 మంది పిల్లలను మైకేల్ రట్టర్ బృందం యౌవనం దాకా గమనించింది. ఆరు నెలల లోపే సంరక్షణాలయం నుంచి బయటపడినవారికి పెద్దగా ఇబ్బందులు మిగలలేదు, అంతకంటే ఎక్కువ కాలం అక్కడ గడిపినవారిలో చాలామందికి శ్రద్ధ నిలపడంలో, ఇతరులతో మెలగడంలో కష్టాలు కొనసాగాయి. అయితే ఆ రెండో గుంపులోనూ ఏ ఇబ్బందీ లేకుండా ఎదిగినవారు ఉన్నారు. ఈ మాట నేను నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే వయసు కాస్త పెరిగిన బిడ్డను చూపగానే ఇక లాభం లేదని వెనక్కి తగ్గే తల్లిదండ్రులను చూశాను, అది ఆ పిల్లలకు అన్యాయం. కనుక నిరీక్షణ బిడ్డను కాపాడుతుంది, అదే నిరీక్షణ బిడ్డ నుంచి కొంత తీసుకుంటుంది. ఈ రెండూ నిజమే. రెండింటినీ మనసులో మోయగలిగినవారే, బిడ్డ వచ్చాక ఎదురయ్యే కష్టాలను తమ మీద జరిగిన దాడిగా చూడకుండా ఉండగలుగుతారు.

మరో మాట కూడా దాచకుండా చెప్పాలి. మనం ఎదురుచూస్తున్న ప్రపంచం ఇరవై ఏళ్ల కిందటిది కాదు. అమెరికా ఒక్కటే 2004లో దాదాపు 23 వేల మంది పిల్లలను విదేశాల నుంచి స్వీకరించింది, 2023 ఆర్థిక సంవత్సరంలో ఆ సంఖ్య 1,275. రష్యా 2012 డిసెంబరులో చేసిన చట్టంతో అమెరికన్లకు పిల్లలను ఇవ్వడం ఆపింది. ఇథియోపియా 2018లో విదేశీ దత్తతను నిషేధించింది. ఒకప్పుడు అత్యధికంగా పిల్లలను పంపిన చైనా, బంధువుల పిల్లల వంటి కొద్దిపాటి సందర్భాలను మినహాయించి, 2024లో ఆ తలుపు మూసేసింది. అప్పటికే బిడ్డ ఎవరో తెలిసి, ఫొటో చేతికి వచ్చి, ప్రయాణం కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలు మధ్యలో నిలిచిపోయాయి. మీకు ఇలా జరగకూడదనే కోరుకుంటాను, కానీ జరగవచ్చని తెలిసే ఈ దారిలో ఉండండి. ఇక ఇప్పుడు కుటుంబం కోసం చూస్తున్న పిల్లలలో పసికందులు తక్కువ, కాస్త పెద్దవాళ్లు, అక్కాచెల్లెళ్లు అన్నదమ్ములుగా కలిసి వచ్చేవాళ్లు, వైద్య అవసరాలు ఉన్నవాళ్లు ఎక్కువ. మీ దరఖాస్తులో ఏ వయసు, ఏ పరిస్థితి అంగీకరిస్తామని రాశారో, ఈ నిరీక్షణలో భార్యాభర్తలిద్దరూ మళ్లీ కూర్చుని నిజాయితీగా మాట్లాడుకోండి. ఒకరి మాట కోసం మరొకరు ఒప్పుకున్నట్టు అనిపిస్తే ఆ సంగతి ఇప్పుడే పైకి రానివ్వండి. ఒంటరిగా దత్తత కోరినవారు, ఆ మాట మనసు విప్పి మాట్లాడగల ఒక మనిషిని ఎంచుకోండి.

కబురు వచ్చిన రోజు మీ చేతికి వచ్చేది సాధారణంగా ఒకటి రెండు ఫొటోలు, ఒక వైద్య నివేదిక. అందరూ ఫొటోను గంటల తరబడి చూస్తారు. నేను నివేదికను చూడమంటాను. అందులో వేర్వేరు తేదీలలో నమోదు చేసిన బరువు, ఎత్తు, తల చుట్టుకొలత ఉంటాయి. ఒక్క అంకెను పట్టుకుని బెంగపడటం వల్ల ఉపయోగం లేదు, వరుసను చూడాలి. నెల నెలా పెరుగుతున్న బరువు ఒకచోట ఆగి ఉంటే, లేదా తగ్గి ఉంటే, ఆ నెలలో ఏం జరిగిందని అడగాలి. జబ్బు చేసిందా, ఒక చోటు నుంచి మరో చోటికి మార్చారా, రోజూ ఎత్తుకునే ఆయా ఉద్యోగం మానేసిందా? నా అనుభవంలో ఇటువంటి ప్రశ్నకు కొన్నిసార్లు ఒకే ఒక్క వాక్యం జవాబుగా వస్తుంది, ఆ వాక్యం మొత్తం నివేదిక కంటే ఎక్కువ చెబుతుంది. సంరక్షణాలయాలలో పెరిగిన పిల్లలు వయసుకు తగిన ఎత్తు, బరువు లేకుండా ఉండటం సర్వసాధారణం, ఇంటి తిండి, ఇంటి లాలన దొరికాక చాలామంది వేగంగా పుంజుకుంటారు. అయినా ఒప్పుకునే ముందు ఆ కాగితాలను అటువంటి పిల్లలను చూసిన అనుభవం ఉన్న వైద్యుడికి చూపించండి. ఆ వైద్యుడు ఎవరో ఇప్పుడే వెతికి పెట్టుకోండి, కబురు వచ్చాక మీకు దొరికేది కొద్ది రోజుల గడువే. బిడ్డ వచ్చిన కొత్తలో చూపు, వినికిడి, రక్తహీనత, కడుపులో పురుగులు, క్షయ, హెపటైటిస్, హెచ్‌ఐవీ పరీక్షలు మళ్లీ చేయించాలి. వీటిలో కొన్నింటిని ఆరు నెలల తరువాత ఇంకోసారి చేయమంటారు, తొలి పరీక్షలో బయటపడని ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చు కనుక. టీకాల కార్డు మీద రాసి ఉన్నదాన్ని కూడా వైద్యుడు సరిచూడాలి.

అన్నీ తెలుసుకున్నాక ఆ బిడ్డ అవసరాలు మీ శక్తికి మించినవని అనిపిస్తే, కాదని చెప్పే హక్కు మీకు ఉంది. అది మనసును కలచివేస్తుంది. అయినా మొహమాటానికి ఒప్పుకోవడం ఆ బిడ్డకు చేసే మేలు కాదు.

ఇక ఇంటి సంగతి. చాలాకాలం సంరక్షణాలయంలో పెరిగిన పసిపిల్లల్లో కొందరు రాత్రి మెలకువ వచ్చినా ఏడవరు. ఏడ్చినా ఎవరూ రాని చోట ఏడుపు మానేయడం అలవాటవుతుంది. కొత్తగా తల్లిదండ్రులైనవారు, మా పాప ఎంత బుద్ధిమంతురాలో, రాత్రంతా కదలకుండా పడుకుంటుంది అని మురిసిపోతూ చెబుతారు. వెళ్లి చూస్తే పాప కళ్లు తెరుచుకునే ఉంటుంది, దుప్పటి అంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, పైకప్పు వైపు చూస్తూ, గుమ్మంలో మనిషి అలికిడి అయినా తల తిప్పదు. అటువంటి బిడ్డ దగ్గరకు పిలవకుండానే వెళ్లాలి. మెలకువగా ఉన్నా లేకపోయినా రాత్రి రెండు మూడుసార్లు వెళ్లి, తాకి, మెల్లగా పలకరించి రావాలి. ఏదో ఒక రాత్రి ఆ పాప గట్టిగా ఏడుస్తుంది. ఆ ఏడుపును మీరు గెలుపుగా లెక్కించాలి, పిలిస్తే ఎవరో వస్తారన్న నమ్మకం పుట్టినందుకే ఆ బిడ్డ పిలిచింది. అందుకే నేను విడిగా అందమైన గది సిద్ధం చేసినవారితో, మొదటి నెలల్లో బిడ్డ మంచాన్ని మీ మంచం పక్కనే వేయమని చెబుతాను. బొమ్మలు తక్కువ ఉంచండి. వరుస మంచాల మధ్య పెరిగిన బిడ్డకు నిండా రంగులు, శబ్దాలు ఉన్న గది భయం పుట్టిస్తుంది. అక్కడి నుంచి కట్టుకుని వచ్చిన బట్టలు పాతబడినా, మాసినా వెంటనే ఉతికేయకండి. ఆ వాసన ఒక్కటే ఆ బిడ్డకు తెలిసిన ప్రపంచంలో మిగిలినది. అధికారులు అనుమతిస్తే మీరు కొన్నాళ్లు కప్పుకుని పడుకున్న గుడ్డను ముందుగానే పంపండి, మీ వాసన ముందు అక్కడికి చేరుతుంది. తినే వస్తువులు దిండు కింద, బీరువా మూలల్లో దాచుకునే పిల్లలు ఉంటారు. తిట్టకండి, వాటిని తీసేయకండి. చేతికి అందే చోట ఎప్పుడూ ఒక గిన్నెలో తినడానికి ఏదో ఒకటి ఉంచండి. ఆ గిన్నె ఖాళీ కాదని నమ్మకం కుదరడానికి వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు.

మీ తల్లిదండ్రులతో, తోబుట్టువులతో చేయవలసిన సంభాషణ అన్నింటికంటే కష్టమైనది. బిడ్డ ఎవరు చేయి చాచినా వెళ్లిపోతుంటే, మనవరాలు ఎంత కలుపుగోలుదో అని వాళ్లు ఆనందిస్తారు. ఎందరో మారే మనుషుల చేతుల్లో పెరిగిన పిల్లలకు తనవారు ఎవరో, పరాయివారు ఎవరో తేడా తెలియకపోవడం వల్ల అలా జరుగుతుంది. ఆ తేడా నేర్పాలంటే మొదటి వారాల్లో తినిపించడం, స్నానం చేయించడం, ఎత్తుకోవడం, ఏడిస్తే ఓదార్చడం మీరిద్దరే చేయాలి. ఎన్నో ఏళ్లుగా మనవల కోసం ఎదురుచూసిన పెద్దవారికి, మీరు ఇప్పుడే ఎత్తుకోవద్దు అని చెప్పడం వాళ్లను బాధిస్తుంది. బిడ్డ వచ్చిన రోజున గుమ్మం దగ్గర ఆ మాట చెబితే అవమానంగా తీసుకుంటారు. ఇప్పుడు, ఈ ఖాళీ నెలల్లో, కారణంతో సహా చెప్పి, వాళ్లకూ ఒక పని అప్పగించండి. వంట, మిగతా ఇంటి పని, ఇంట్లో ముందే ఉన్న పెద్ద పిల్లల బాగోగులు వాళ్లు చూసుకుంటే, మీకు దొరికే ఆ ఖాళీయే కొత్త బిడ్డకు వాళ్లు ఇచ్చే కానుక. ఇంట్లో పెద్ద పిల్లలు ఉంటే వారికి, తోడుగా ఆడుకునే చెల్లి వస్తోందని మాత్రమే చెప్పకండి. వచ్చే చెల్లి భయపడవచ్చు, బొమ్మలు లాక్కోవచ్చు, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు అని కూడా చెప్పండి. ఉద్యోగం చేసేవారు దత్తత సెలవు నిబంధనలను ఇప్పుడే చదవండి, బిడ్డ వయసును బట్టి సెలవు మారే చోట్లు ఉన్నాయి.

భాష విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోకుండా కొంచెం నేర్చుకోండి. బిడ్డ మాతృభాషలో నీళ్లు, నొప్పి, నిద్ర, భయం, చాలు, ఇక్కడే ఉన్నాను అనే మాటలు, ఒక జోలపాట. ఆ మాటలను ఆ భాష పుట్టుకతో మాట్లాడేవారి గొంతులో వినండి, పుస్తకంలో చదివి నేర్చిన ఉచ్చారణ బిడ్డ చెవికి పరాయిగానే ఉంటుంది. మూడు నాలుగేళ్లు దాటిన పిల్లలైతే, పరాయి దేశంలో తమ భాషలో ఒక్క మాటైనా మాట్లాడే మనిషి ఉన్నారని తెలియడం ఎంత ఊరటో చెప్పలేను. పేరు మార్చాలా అని అడుగుతారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బిడ్డ తన పేరుకు పలుకుతుంటే ఆ పేరును ఉంచండి, కావాలంటే పక్కన మరో పేరు చేర్చండి. అన్నీ పోగొట్టుకుని వచ్చినవారి దగ్గర మిగిలిన ఒక్కదాన్నీ మనం తీసుకోకూడదు.

చివరగా బిడ్డ పుట్టుక, దత్తత వివరాలు ఉండే ఫైలు గురించి. దక్షిణ కొరియా 1950లలో యుద్ధం ముగిశాక మొదలుపెట్టి దశాబ్దాల పాటు పెద్ద సంఖ్యలో పిల్లలను విదేశాలకు పంపింది. వారు పెద్దవారై తమ మూలాలు వెతుక్కుంటూ వెళ్లినప్పుడు, కన్నవారు బతికి ఉండగానే అనాథలని రాసిన రికార్డులు, ఒకరి వివరాలు మరొకరికి అంటగట్టిన రికార్డులు బయటపడ్డాయి. అక్కడి సత్య, సయోధ్య కమిషన్ 2025 మార్చిలో ఆ పిల్లలలో కొందరి హక్కులకు భంగం కలిగిందని, అందుకు ప్రభుత్వం బాధ్యత వహించాలని తేల్చింది. నెదర్లాండ్స్ 2021 ఫిబ్రవరిలో, గతంలో జరిగిన అక్రమాలపై నివేదిక వచ్చాక, విదేశీ దత్తతలను నిలిపివేసింది. హేగ్ ఒడంబడిక 30వ అధికరణం బిడ్డ మూలాల సమాచారాన్ని భద్రపరచే బాధ్యతను దేశాల మీద పెట్టింది. ఆ బాధ్యతలో మీరూ భాగం తీసుకోండి. ప్రతి కాగితానికి నకలు అడగండి, అర్థం కాని భాషలో ఉన్నా అడగండి, కవరు మీద రాసిన చేతిరాతను కూడా పారేయకండి. దత్తత పూర్తయ్యేదాకా బిడ్డ ఫొటోను ఎక్కడా బహిరంగంగా పెట్టకండి, ఆ తరువాత కూడా బిడ్డ కన్నవారి కథను చుట్టాలకు, స్నేహితులకు వివరంగా చెప్పకండి. ఆ కథ బిడ్డది. ఎవరికి, ఎప్పుడు చెప్పాలో తనే నిర్ణయించుకుంటుంది.

బిడ్డను తీసుకురావడానికి వెళ్లేటప్పుడు ఒక నోటు పుస్తకంలో ప్రశ్నలు రాసుకుని వెళ్లండి, ఆ హడావుడిలో అన్నీ మరచిపోతారు. ఏ పక్కకు తిరిగి నిద్రపోతుంది, ఎవరు తినిపిస్తే తింటుంది, దేనికి భయపడుతుంది, జ్వరం వస్తే ఎలా తెలుస్తుంది, ఎవరితో పక్కపక్క మంచాల మీద పడుకునేది, ఆ స్నేహితుడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడు, ఇన్నాళ్లు చూసుకున్న ఆయా పేరేమిటి, అనుమతిస్తే ఆమె ఫొటో ఒకటి తీసుకోవచ్చా, ఆమెకు ఏడాదికోసారి ఉత్తరం రాసే వీలు ఉందా. ఇవి అధికారిక నివేదికలో ఉండవు, అక్కడ ఉన్న ఆ కొద్ది గంటల్లోనే అడిగి తెలుసుకోవాలి. ఈ జాబితాను ఈ వారమే మొదలుపెట్టండి. మీలో ఇప్పటికే రాసుకున్నవారు ఉంటే తరువాతి అరగంటలో చదివి వినిపించండి, మిగిలినవారు రాసుకుంటారు. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగవచ్చు.